ఇంటివారికి తెలియని పునీతుడు



క్రిస్మస్ పండుగ దాటి సంక్రాంతి సెలవులు దగ్గర పడే ఈ చలి రోజుల్లో మన యువజన బృందాలలో ఒక కదలిక కనిపిస్తుంది. హార్స్‌లీ హిల్స్‌కు పోదామా, తలకోనకు పోదామా, పలమనేరు నుండి కుప్పం పోయే దారిలో కైగల్ జలపాతం దగ్గర ఒక రోజు గడుపుదామా అని చర్చలు సాగుతాయి. బియ్యం ఎంత, దుప్పట్లు ఎన్ని, బస్సు బాడుగ తలకు ఎంత పడుతుంది అని లెక్కలు వేస్తారు. యువత మాత్రమే కాకుండా తల్లిదండ్రులను, అవ్వాతాతలను, చిన్నపిల్లలను కూడా వెంటబెట్టుకుని పోదామనే ఆలోచన వచ్చిందంటే అక్కడ పేచీ మొదలవుతుంది. పెద్దవాళ్లు వస్తే మాకు స్వేచ్ఛ ఏముంటుందని యువకులు లోలోపల గొణుగుతారు. చలిలో పిల్లలకు జలుబు చేస్తుంది, పొలం పని ఆగిపోతుంది, కొండల మీద మాకేం పని అని పెద్దలు అంటారు.

ఈ ఇద్దరికీ ఈ వారం ఒక జీవితాన్ని పరిచయం చేయాలనుకుంటున్నాను. ఇరవై నాలుగేళ్లే బ్రతికిన యువకుడు. స్నేహితులను కూడగట్టుకుని మంచు కొండలెక్కినవాడు. ఊరిలోని బీదలందరికీ తెలిసినవాడు. కానీ సొంత ఇంటివారికి మాత్రం అతడెవరో అతడు చనిపోయిన తరువాతే తెలిసింది. అతని పేరు పియర్ జార్జియో ఫ్రస్సాతి. 2025 సెప్టెంబరు 7న పద్నాలుగవ లియో పోపు గారు ఇతనిని, బాలుడైన కార్లో అకూటిస్‌తో పాటు, పునీతుల జాబితాలో చేర్చారు.

పెద్దింటి బిడ్డ

ఇటలీ దేశపు ఉత్తర భాగంలో, ఆల్ప్స్ పర్వతాల పాదాల చెంత టూరిన్ నగరం ఉంది. అక్కడ 1901 ఏప్రిల్ 6న, పవిత్ర శనివారం నాడు పియర్ జార్జియో జన్మించాడు. తండ్రి అల్ఫ్రెడో ఫ్రస్సాతి 'లా స్తాంపా' అనే పెద్ద దినపత్రికకు యజమాని, సంపాదకుడు. 1913లో సెనేటర్ అయ్యాడు. 1920లో జర్మనీకి రాయబారిగా వెళ్లాడు. దేవుని గురించి పట్టించుకునే మనిషి కాడు. తల్లి అదెలాయిదె చిత్రకారిణి. ఆమె పూజకు పోయేది గానీ, ఆ ఇంట్లో భక్తి ఒక మర్యాదగానే ఉండేది. ఇద్దరు బిడ్డలు, పియర్ జార్జియో, అతనికంటే ఏడాదిన్నర చిన్నదైన చెల్లెలు లూచియానా.

ఇంట్లో డబ్బుకు కొదవ లేదు. మాటకే కొదవ. భార్యాభర్తల మధ్య ప్రేమ ఏనాడో చల్లారిపోయింది. భోజనాల బల్ల దగ్గర మౌనం, లేకుంటే విసుగు. అలాంటి ఇంట్లో ఈ అబ్బాయి పెరిగాడు. చదువులో గొప్పవాడు కాడు. లాటిన్ భాషలో తప్పి, యేసు సభ గురువులు నడిపే బడికి మారాడు. తండ్రికి అది అవమానంగా తోచింది. వారసుడు కావలసిన కొడుకు మందబుద్ధి అని ఆయన బెంగ. అయితే ఆ బడిలోనే పియర్ జార్జియోకు ప్రతిదినం దివ్యసత్ప్రసాదం స్వీకరించే అలవాటు కలిగింది. తండ్రి చూసిన ఆ వైఫల్యం వెనుక దేవుడు ఒక తలుపు తెరిచాడు. పరీక్ష తప్పిన బిడ్డను చూసి తల పట్టుకునే తండ్రులారా, ఈ సంగతి గుర్తుంచుకోండి.

పదిహేడేళ్ల వయసులో, 1918లో, అతడు పునీత విన్సెంట్ దె పాల్ సభలో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగుస్తున్న కాలం అది. టూరిన్ వీధుల్లో పని దొరకని కార్మికులు, యుద్ధం నుండి కుంటుతూ తిరిగివచ్చిన సైనికులు, తండ్రి లేని బిడ్డలు. వాళ్ల ఇళ్లకు మెట్లెక్కి పోయేవాడు. ఎవరికి మందు కావాలి, ఎవరికి అద్దె కట్టాలి, ఎవరి బిడ్డకు చెప్పులు లేవు అని రాసుకునేవాడు. ఇంట్లో ఇచ్చే చేతిఖర్చు, బండి ఖర్చు వీటికే పోయేది. జేబు ఖాళీ అయి ఇంటికి నడిచి వచ్చేవాడు. భోజనానికి ఆలస్యమయ్యేది. తల్లిదండ్రులు కోప్పడేవారు. ఎక్కడికి పోయి వస్తున్నాడో అతడు చెప్పేవాడు కాదు.

తండ్రి బెర్లినులో రాయబారిగా ఉన్నప్పుడు గడ్డకట్టే చలిలో ఒక ముసలాయనకు తన పైకోటు విప్పి ఇచ్చి వచ్చాడని చెబుతారు. తండ్రి మందలిస్తే, చలి వేస్తోంది గదా నాన్నా అన్నంత మామూలుగా బదులు చెప్పాడట. దానం చేశానన్న భావం అతనికి లేనే లేదు. మన మదనపల్లె వైపు జనవరి మంచుకే మనం రెండు దుప్పట్లు కప్పుకుంటాం. బెర్లిను చలి ఎలాంటిదో ఊహించుకోండి.

పోకిరీల సభ

అతడు టూరిన్ పాలిటెక్నిక్‌లో గనుల ఇంజనీరింగు చదువు ఎంచుకున్నాడు. గనిలో దిగే కూలీల మధ్య బ్రతకాలని, వారికి క్రీస్తును చేరువ చేయాలని అతని కోరిక. విద్యార్థుల కతోలిక సమాఖ్యలో, ప్రజా పార్టీ పనుల్లో చురుకుగా తిరిగాడు. 1921లో రోము నగరంలో యువజనుల ఊరేగింపును పోలీసులు అడ్డుకున్నప్పుడు తమ బృందం జెండాను వదలక అరెస్టయ్యాడు. 1924లో ముస్సోలినీ అనుచరులు ఇంటిలోకి చొరబడితే ఎదురు నిలిచి తరిమాడు. 1922లో పునీత దొమినిక్ మూడవ సభలో చేరాడు. ఇవన్నీ చేస్తూనే నవ్వుతూ, నవ్విస్తూ తిరిగిన యువకుడు. పాడటం అతనికి మహా ఇష్టం. శ్రుతి మాత్రం కలిసేది కాదు. అయినా గొంతెత్తి పాడేవాడు.

అతని మరొక ప్రేమ పర్వతాలు. అమ్మవైపు పెద్దల ఇల్లున్న పొల్లోనె గ్రామం నుండి తెల్లవారుజామున లేచి, కొండ దారిలో నడిచి ఒరోపా మరియమాత పుణ్యక్షేత్రానికి పోయి, పూజలో పాల్గొని, ఇంటివారు ఫలహారానికి కూర్చునే వేళకు తిరిగి వచ్చేవాడు. ఇటలీ పర్వతారోహకుల సంఘంలో సభ్యుడు. ఎండాకాలం శిఖరాలెక్కడం, చలికాలం మంచు మీద స్కీలు కట్టుకుని జారడం. మన హార్స్‌లీ హిల్స్ ఎత్తు సుమారు 4,000 అడుగులు. అతడు ఎక్కిన శిఖరాలు అంతకు మూడింతలు ఎత్తు ఉండేవి. కొండ ఎక్కడం మన సీమకు కొత్త కాదు. తిరుపతిలో మన పొరుగువారు అలిపిరి నుండి మెట్లెక్కి పోవడం మనం రోజూ చూస్తున్నదే. మన బిడ్డలు కాళ్లు బొబ్బలెక్కేలా వేలాంకన్ని మాత సన్నిధికి నడిచిపోవడం కూడా చూస్తున్నదే. ఎక్కేవాడికి ఊపిరి బరువైనప్పుడు గర్వం తేలికవుతుంది. మనిషి చిన్నవాడని, సృష్టికర్త గొప్పవాడని చెప్పడానికి కొండకు ప్రసంగం అవసరం లేదు.

1924 మే నెలలో అతడు, అతని స్నేహితులు, స్నేహితురాళ్లు కలిసి ఒక చిన్న బృందం ఏర్పరచుకున్నారు. దానికి వారు పెట్టుకున్న పేరు విని పెద్దలు నొసలు ముడుచుకుని ఉంటారు. మన భాషలో చెప్పాలంటే పోకిరీల సభ అనవచ్చు. ఒక్కొక్కరికి ఒక ముద్దుపేరు. దొంగ గంభీరంతో సభా నిబంధనలు, ఫిరంగులు పేల్చినట్లు ఉత్తరాలలో వందనాలు. పైకి అంతా అల్లరి. లోపల ఒకే ఒక్క నియమం. ప్రార్థన ద్వారా ఒకరినొకరు విడువకుండా పట్టుకోవడం. ఆదివారం యాత్ర పెట్టుకుంటే పూజ ఎక్కడ దొరుకుతుందో ముందుగా చూసుకునేవారు. పూజ లేని యాత్ర పియర్ జార్జియోకు యాత్ర కాదు. దారిలో జపమాల చెప్పుకునేవారు. వెనుకబడిన వాళ్ల మూట తన భుజం మీద వేసుకునేవాడు. అలసిన వాడు సిగ్గుపడకుండా, తానే ఆగాలనుకున్నట్లు ఆగేవాడు.

ఈ నాయకత్వాన్ని గమనించండి. ఎవరు ముందుగా పైకెక్కుతారన్నది అతనికి లెక్క కాదు. అందరూ ఎక్కాలి. మన శిబిరాలలో బాగా పాడేవారు, బాగా ఆడేవారు ముందు వరుసలో ఉంటారు. మూలన కూర్చున్న బిడ్డ దగ్గరకు పోయేవారే పియర్ జార్జియో జాడలో నడిచేవారు.

చెప్పుకోలేని మాటలు

కొండ మీద అంత నవ్విన ఈ యువకుడు ఇంటికి దిగివస్తే మౌనంలోకి దిగేవాడు. ఆ కొండ స్నేహాలలోనే లౌరా హిడాల్గో అనే యువతి మీద అతనికి ప్రేమ కలిగింది. ఆమె తల్లిదండ్రులు లేని అమ్మాయి, మంచి విశ్వాసి. తన తల్లిదండ్రులు ఈ పెళ్లికి ఒప్పుకోరని అతనికి తెలుసు. అప్పటికే విడిపోయే అంచున ఉన్న వారిద్దరి మధ్య ఇదొక కొత్త తగాదా అవుతుందని భయపడ్డాడు. ఒక కుటుంబాన్ని నిలబెట్టడానికి మరొక కుటుంబాన్ని కూల్చలేనని తలచి, ఆ ప్రేమను ఆమెకు కూడా చెప్పకుండా మనసులోనే పాతిపెట్టుకున్నాడు. చెల్లెలికి మాత్రమే చెప్పుకున్నాడు.

1925 జనవరిలో ఆ చెల్లెలికి ఒక పోలండు దేశపు రాయబార ఉద్యోగితో పెళ్లయింది. ఆమె దూరదేశం వెళ్లిపోయింది. రైలు స్టేషనులో అతడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంట్లో మాట్లాడే తోడు ఇక లేదు. అదే సంవత్సరం తండ్రి తన పత్రిక కార్యాలయంలో కొడుకును కూర్చోబెట్టాలని నిర్ణయించాడు. ఆ మాట తాను చెప్పలేక పత్రికలోని ఒక ఉద్యోగి ద్వారా చెప్పించాడు. గని కార్మికుల మధ్య బ్రతకాలన్న కల అంతటితో ముగిసింది. నాన్నకు సంతోషమైతే సరే అన్నట్లు అతడు తలవంచాడు.

ప్రియ పాఠకులారా, ఇక్కడ కొంచెం ఆగుదాం. దేశానికి వార్తలు చేరవేసే తండ్రి, సొంత కొడుకుతో ఒక్క మాట సూటిగా మాట్లాడలేకపోయాడు. మనుషుల ముఖాలు చూసి బొమ్మలు గీయగల తల్లి, కొడుకు ముఖంలోని బాధను చూడలేకపోయింది. వాళ్లు చెడ్డవాళ్లా? కాదు. కొడుకు తిండికి, బట్టకు, చదువుకు, పరువుకు ఏ లోటూ రానివ్వలేదు. కానీ ఒకే ఇంట్లో ఉంటే చాలు, ఒకరికొకరు తెలిసినట్లేనని అనుకున్నారు. మనమూ అలాగే అనుకుంటాం గదా?

1925 జూన్ 7న అతడు స్నేహితులతో చివరిసారిగా కొండెక్కాడు. రాతిని పట్టుకుని పైకి చూస్తూ ఎక్కుతున్న ఫోటో ఒకటి ఆ రోజు తీశారు. దాని మీద ఎత్తుల వైపు సాగడాన్ని సూచించే రెండు చిన్న మాటలు తన చేతితో రాశాడు. నేడు ప్రపంచమంతటా యువజనులు ఆ మాటలను నినాదంగా చెప్పుకుంటున్నారు. నెల తిరగకుండానే అతడు కన్నుమూశాడు.

ఆ ఆరు రోజులు

జూన్ నెలాఖరున అతనికి తలనొప్పి, ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి. అదే సమయంలో ఇంట్లో అమ్మమ్మ మరణశయ్య మీద ఉంది. అందరి చూపూ ఆమె మీదే. కొడుకుకు ఏదో మామూలు జ్వరం అనుకున్నారు. జూలై 1న అమ్మమ్మ కన్నుమూసింది. కాళ్లు నిలవని స్థితిలో కూడా అతడు ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. ఇంత పని ఉన్న వేళలో నువ్వు కూడా పడుకున్నావేమిటని తల్లి విసుక్కున్నదని చెల్లెలు తరువాత రాసిన జీవితచరిత్రలో ఉంది. ఆ తల్లిని తప్పుపట్టకండి. రెండు వైపులా లాగే కష్టంలో మనలో ఎవరమైనా అనగల మాటే అది.

వైద్యులు అసలు జబ్బును గుర్తుపట్టేసరికి ఆలస్యమైంది. అది పోలియో. నేడు మన బిడ్డలకు రెండు చుక్కలు వేసి అడ్డుకుంటున్న జబ్బు. 2014లో మన దేశం దాని పీడ వదిలించుకున్నట్లు ధ్రువీకరించారు. అప్పుడు దానికి టీకా లేదు. బీదల ఇళ్లలో రోగుల చెంతకు వెళ్లినప్పుడే అది సోకి ఉంటుందని అనుకున్నారు. పారిస్ నగరం నుండి మందు తెప్పించే ప్రయత్నం చేశారు. అది అందేలోగా కాలం మించిపోయింది.

జూలై 3 శుక్రవారం. ప్రతి శుక్రవారం అతడు బీదల ఇళ్లకు పోయే రోజు. చేయి చచ్చుబడుతున్నా, చెల్లెలి చేత ఒక ఇంజెక్షన్ల పెట్టె, కోటు జేబులోంచి ఒక కుదువ చీటీ తెప్పించుకున్నాడు. ఆ మందు ఫలానా రోగికి చేర్చమని, ఆ చీటీ గడువు పొడిగించమని, ఆ ఖర్చు తన లెక్కలో వేయమని స్నేహితునికి వంకరటింకర అక్షరాలతో ఒక కాగితం రాశాడు. తాకట్టు వస్తువు పోతుందని బెంగపడే బీదవాని బాధ మన పల్లెల్లో చాలామందికి తెలిసినదే. మరణం గుమ్మంలో నిలబడి ఉండగా ఆ కోటీశ్వరుని కొడుకు ఆలోచించినది ఒక పేదవాని కుదువ చీటీ గురించి. మరుసటి రోజు, 1925 జూలై 4 శనివారం సాయంత్రం, అంత్య సంస్కారాలు పొంది ప్రభువు సన్నిధికి చేరాడు.

జూలై 6న అంత్యక్రియలు. పలుకుబడి గలవారు, పత్రికలవారు వస్తారని ఇంటివారు అనుకున్నారు. వీధి నిండా వచ్చినవారు బీదలు. చినిగిన బట్టలవారు, కూలీలు, వితంతువులు, బిడ్డలను చంకనెత్తుకున్న తల్లులు. శవపేటికను తాకాలని తోసుకుంటూ, సొంత బిడ్డ పోయినట్లు ఏడుస్తున్నారు. వీళ్లంతా ఎవరని ఆ తల్లిదండ్రులు నిర్ఘాంతపోయారు. తమ మెట్లెక్కి వచ్చిన అబ్బాయి ఇంత పెద్ద ఇంటివాడా అని ఆ బీదలు కూడా నిర్ఘాంతపోయారు. తమ కొడుకు ఎవరో ఆ దంపతులు ఆ రోజు అపరిచితుల కన్నీళ్లలో చదివి తెలుసుకున్నారు. వారు ఆ తరువాత విడిపోలేదు. తండ్రి తన చివరి సంవత్సరాలలో విశ్వాసానికి తిరిగి వచ్చాడని చెబుతారు. ఆయన 1961లో మరణించాడు.

ఆ బీదలే అతనిని పునీతునిగా ప్రకటించమని అడిగారు. 1932లో విచారణ ప్రారంభమైంది. 1990 మే 20న రెండవ జాన్ పాల్ పోపు గారు అతనిని ధన్యునిగా ప్రకటించి, అష్టభాగ్యాల మనిషి అని కీర్తించారు. అతని దేహం నేడు టూరిన్ ప్రధాన దేవాలయంలో ఉంది. ఉత్సవం జూలై 4.

మన శిబిరానికి పాఠం

తెలియనిదానిని ప్రేమించలేమని పునీత అక్వినాసు తోమా వంటి తత్వవేత్తలు బోధించారు. ఫ్రస్సాతి ఇంటి కథ ఆ బోధకు రక్తమాంసాలు తొడిగినట్లుంది. అక్కడ కన్నప్రేమ ఉంది, ఎరుక లేదు. ఎరుక లేని ప్రేమ ఆ బిడ్డను ఒంటరిని చేసింది. మీరు అడగవచ్చు. కుడిచేయి చేసే దానం ఎడమచేతికి తెలియరాదని ప్రభువే చెప్పారు గదా, అతడు దాచడంలో తప్పేముంది? దానాన్ని దాచడం పుణ్యమే. కానీ దానం మాట వేరు, దుఃఖం మాట వేరు. కొడుకు తన ప్రేమను, తన కలను, తన నొప్పిని కూడా దాచుకోవలసి వచ్చే ఇల్లు మాత్రం పుణ్యమనిపించుకోదు. అతడు ఆ ఇంట్లో ఉండి కూడా పునీతుడయ్యాడు. అందరు బిడ్డలూ అలా కాలేరు. మాట చెప్పుకునే చోటు లేక చెడు సావాసాల వైపు, తాగుడు వైపు, చివరకు ప్రాణం తీసుకోవడం వైపు జారిపోయే బిడ్డలు ఎంతమందో మీకూ తెలుసు.

అందుకే కుటుంబాలతో కలిసి శిబిరానికి పోవడం మంచిదని నా మనవి. ఇంట్లో టీవీ, ఫోను, పొలం, అంగడి మన ముఖాల మధ్య అడ్డు నిలబడతాయి. కొండ మీద చలికి అందరూ దగ్గర దగ్గరగా కూర్చోక తప్పదు. రాగి సంగటి కెలికేటప్పుడు కొడుకు చెయ్యి ఎంత బలమో తండ్రి చూస్తాడు. చిన్నపిల్లలను మోసుకుని దాటించేటప్పుడు కూతురి మనసు ఎంత మెత్తనో తల్లి చూస్తుంది. అమ్మా నాన్నలు తమ వయసులో ఎలా నవ్వేవారో పిల్లలు చూస్తారు.

తల్లిదండ్రులారా, కాపలా కాయడానికి పోకండి, చూసి తెలుసుకోవడానికి పోండి. రాత్రి ఒక గంట మీ బిడ్డ పక్కన కూర్చుని, బుద్ధులు చెప్పకుండా వినండి. యువకులారా, పెద్దవాళ్లను బరువుగా తలచకండి. మెల్లగా నడిచే అవ్వ వేగమే మీ బృందం వేగం కావాలి. ఆదివారమైతే పూజను మొదట పెట్టుకోండి. తలకోన అడవిలో నిప్పు రాజేయకండి, అటవీ శాఖవారి అనుమతి లేనిదే రాత్రి ఆగకండి, జలపాతం కింద లోతు తెలియని మడుగులోకి దిగకండి. తిరిగి వచ్చేటప్పుడు మిగిలిన దుప్పట్లు ఇంటికి మోసుకురాకండి. ఈ చలిలో బస్టాండులో ముడుచుకుని పడుకున్నవారు ఎందరో ఉన్నారు. పియర్ జార్జియో ఉంటే వాటిని అక్కడే దించేవాడు.

మీ ఇంట్లో కూడా ఒక పునీతుడు మౌనంగా పెరుగుతుండవచ్చు. అతనిని తెలుసుకోవడానికి అంత్యక్రియల రోజు దాకా ఆగకండి. ఆ యువ పునీతుడు మన కుటుంబాల కొరకు, మన యువత కొరకు ప్రభువును వేడుకొనుగాక. ఆమెన్.